ఎవరిని ముందు చూస్తావు

నమోదు 1

రెండుసార్లు తప్పినవాళ్ళు మూడోసారి నర్సు పరీక్షకు కూర్చునే ముందు తమ చదువు గురించి ఎప్పటికప్పుడు రాసి పెట్టాలట. పరీక్ష యంత్రం ఆజ్ఞ. ఏం రాయాలని అడిగితే "మీ పొరపాట్లు, మీ మాటల్లో" అంది. నా మాటల్లో రాస్తే నువ్వు తట్టుకోలేవు తల్లీ అనుకుని మొదలుపెట్టాను.

నా పేరు సువార్త. మూడో సొరంగం ఆసుపత్రి గదిలో ఆయాని. నర్సు పనులన్నీ చేస్తాను, నర్సును మాత్రం కాను. మా సొరంగం మొత్తానికి నర్సు ఒక్కరే, దీనమ్మ సిస్టరు. మందుల బీరువా ఆవిడ అరచెయ్యి ఆనిస్తేనే తెరుచుకుంటుంది. లైసెన్సు చేతిలో ఉండడమంటే ఇక్కడ నిజంగా చేతిలోనే, చర్మం కింద బియ్యపుగింజంత బిళ్ళ. ఆవిడకు అరవై అయిదు నిండిన రోజున ఆ బిళ్ళ పనిచేయడం మానేస్తుంది. ఆ పుట్టినరోజు వచ్చే నెలలోనే.

కొత్త నర్సును పంపమని అడగడానికి లేదు. సొరంగం తలుపు తొలకరికి గానీ తెరుచుకోదు. ఈలోగా బయటి వేడిలో అడుగుపెట్టిన మనిషి నాలుగు బారలు నడవకుండానే పడిపోతాడు. అంటే పుట్టినరోజు నుంచి తొలకరి దాకా బీరువా మూసే ఉంటుంది. సూది మందు, నొప్పి మందు, ఏదీ ఎవరికీ అందదు. సలోమికి నెలలు నిండేది సరిగ్గా అప్పుడే. సలోమి నా మరదలు, మొదటి కాన్పు.

కాబట్టి ఆలోగా నేను పాసవాలి. ఈసారి తప్పితే నాలుగోసారి అంటూ లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

నమోదు 2

ఈ యంత్రానికి మేం పెట్టుకున్న పేరు అత్తగారు. ఏం చేసినా నచ్చదు. సరైన జవాబు చెబితే మెచ్చుకోదు, ఇంకా కష్టమైన ప్రశ్న వేస్తుంది. తప్పు చెబితే తేలికది ఇస్తుంది. తేలికవి వరసగా వస్తున్నాయంటే సంబరపడకూడదు, మునిగిపోతున్నామని అర్థం. ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో చెప్పదు. నువ్వు పనికొస్తావో రావో దానికి నమ్మకం కుదిరిన క్షణాన తెర ఆరిపోతుంది. ఆ తరువాత కాసేపు చీకటి తెర ముందు కూర్చుని చెమటలు తుడుచుకోవాలి. అభ్యాసంలోనూ అంతే, అసలు పరీక్షలోనూ అంతే.

మందుల లెక్కలు నాకు కొట్టిన పిండి. సెలైను చుక్కలు కళ్ళు మూసుకుని లెక్కకడతాను. పుండ్లు, కట్లు, జ్వరాలు, కాన్పులు, వేటిలోనూ నన్ను తప్పు పట్టలేదు. నా ప్రాణం తీసేది ఒక్క రకం ప్రశ్న. ఎవరిని ముందు చూస్తావు?

ఈ రోజుది రాస్తాను. నలుగురు ఒకేసారి వచ్చారు. కాలు బెణికి నొప్పితో కేకలు పెడుతున్న బస్సు డ్రైవరు. చక్కెర జబ్బు ఉండి, ఉన్నట్టుండి చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతున్న టీచరు. జ్వరంతో ఏడుస్తున్న పిల్లవాడు. మూడు రోజులుగా విరేచనం కాని ముసలాయన. నేను డ్రైవరును నొక్కాను.

"తప్పు. టీచరు. చక్కెర పడిపోయిన మనిషి నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు."

డ్రైవరు కూర్చుండిపోతే బస్సు నిండా జనం ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోరా అని అడిగాను. "రోగి వృత్తి అప్రస్తుతం" అంది. తరువాతి ప్రశ్నలో కరెంటు పనివాణ్ణి నొక్కాను, తప్పు. దాని తరువాత నీళ్ళ పంపు నడిపేవాణ్ణి నొక్కాను, అదీ తప్పు. చివరికి చేతులు ఎందుకు కడుక్కోవాలి అని అడిగే దాకా దిగజారింది అత్తగారు. సిగ్గుతో నా చెవులు కాలాయి.

నమోదు 3

నా జబ్బు ఏమిటో నాకు తెలుసు. ఇది మా సొరంగం మొత్తానికి ఉన్న జబ్బే.

ఇక్కడ గాలి దానంతట అది రాదు. మోటారు నేను పుట్టకముందే కాలిపోయింది. అప్పటినుంచి పెద్ద గాలిచక్రాన్ని నలుగురు మగవాళ్ళు కాళ్ళతో తొక్కుతారు. మేస్త్రీ గాలి దారిని మూసే తడిక తాడు పట్టుకుని, చక్రం తిరిగిన ప్రతిసారీ లాగి వదులుతాడు. తడిక తప్పితే బయటి వేడి లోపలికి తంతుంది. చక్రం చప్పుడు గుడుం గుడుం అని గోడల్లోంచి పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. చంటిపిల్లలు జోల లేకుండానే ఆ చప్పుడుకు నిద్రపోతారు. చక్రం గదిలోకి ఇంకెవరూ పోకూడదు, ఆడవాళ్ళు అసలే పోకూడదు. కొత్త కాలు పడితే లయ చెడుతుందట.

అందుకే మాకు ఒక్కటే రూలు, చక్రం వాళ్ళు ముందు. గంజి దగ్గర వాళ్ళు ముందు, స్నానాల దగ్గర వాళ్ళు ముందు, ఆసుపత్రి గది బల్ల మీద వాళ్ళే ముందు. ఎవరూ చెప్పనక్కర్లేదు. చక్రం మనిషి గుమ్మంలో కనిపిస్తే కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషి కూడా లేచి పక్కకు జరుగుతాడు. నేను నడక నేర్చుకున్నది ఆ రూలు లోపలే. ఇప్పుడు ఈ అత్తగారు వచ్చి వృత్తి అప్రస్తుతం అంటే నా వేలు వింటుందా?

దీనమ్మ సిస్టరు దూది చుట్టలు చుడుతూ నవ్వింది.

"అది ప్రశ్నల ఊరమ్మే. ఆ ఊళ్ళో పిలిస్తే డాక్టరొస్తాడు, బీరువా నిండా మందులుంటయ్, గాలి ఊరికే వస్తది. నువ్వు ఈ ఊరిని నెత్తిన పెట్టుకుని ఆ ఊరికి పోతే గుమ్మంలో తల తగలదా?"

"అయితే ఆ ఊళ్ళో ఎట్టా నడవాలి సిస్టరమ్మా?"

"ఎవరు ఏం పని చేస్తారని చూడమాక. ఎవరు ముందు పోతారని చూడు. ఊపిరి, నెత్తురు, స్పృహ. అరిచేవాడికి ఊపిరున్నట్టే. అరిచేవాడు ఆగగలడు. అరవనివాడి దగ్గరికి పరిగెత్తు."

ఇంత తెలిసిన మనిషి ఇక్కడ ఇన్నేళ్ళుగా చక్రం వాళ్ళనే ముందు చూస్తోంది. ఆవిడ పరీక్ష రాసింది బయట, తలుపులు లేని రోజుల్లో. ఒక దూది చుట్ట అందుకుని దాని వైపే చూశాను. ఆవిడ కూడా దూది వైపే చూసింది.

నమోదు 4

మా అమ్మ సంగతి రాయకుండా ఈ నమోదుకు అర్థం లేదు. సొరంగంలో అందరికీ తెలిసిందే, దాచేదేమీ లేదు.

నాకు అయిదేళ్ళప్పుడు అమ్మకు కాన్పయింది. బిడ్డ దక్కలేదు. అమ్మకు నెత్తురు ఆగడం లేదు. అదే సమయానికి తడిక తాడు పట్టే ఇస్సాకు మేస్త్రీ భుజం గూడు తప్పి వచ్చాడు. చక్రం ఆగింది. దీనమ్మ సిస్టరు రూలు ప్రకారం ఆయన దగ్గరికి వెళ్ళింది. భుజం సర్ది, కట్టు కట్టి, నొప్పి సూది వేసి, చక్రం దగ్గరికి పంపి వచ్చేసరికి అమ్మ అయిపోయింది. చక్రం తిరిగింది. సొరంగం బతికింది.

మాకు వరసబాకీ అని ఒకటుంది. చక్రం మనిషి ముందు చూపించుకున్నాక, వెనక వరసలో ఉన్నవాళ్ళు పోతే, వాళ్ళ పిల్లల్ని ఆ చక్రం మనిషే తెచ్చుకుని సాకాలి. మా నాన్న అంతకు ముందే కొండరాయి పడి పోయాడు. ఇస్సాకు మేస్త్రీ నన్ను భుజం మీద ఎత్తుకుని తీసుకుపోయాడు, కట్టు లేని భుజం మీద. ఆయన కొడుకు యోబు, ఇప్పుడు సలోమి మొగుడు, వాడూ నేనూ ఒకే కంచంలో తిన్నాం. ఆయనను నాయనా అని పిలుస్తాను. ఆయన తన గంజిలో తేటంతా తాగి మెతుకులు నాకు వదిలేవాడు. ఆయన మీద నాకు ఎన్నడూ కోపం రాలేదు. అమ్మ వరసలో రెండోది కాబట్టే మీరంతా ఊపిరి పీలుస్తున్నారు అని బడిలో గొప్పగా చెప్పేదాన్ని కూడా.

అత్తగారి ప్రశ్నలలో బాలింత వచ్చినప్పుడల్లా నా వేలు తెర మీద ఆగిపోతుంది. జవాబు తెలియక కాదు. బాలింతను నొక్కితే అమ్మను ముందు చూడాల్సింది అన్నట్టే. అప్పుడు అమ్మ పోయింది సొరంగం కోసం కాదు, ఊరికే పోయినట్టు. నా పెంపకం, నా మెతుకులు, అన్నీ ఒక పొరపాటు మీద మొలిచినట్టు. వేరే మనిషిని నొక్కేసి తప్పు అనిపించుకుంటాను. రెండుసార్లు తప్పింది ఇక్కడే.

ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు చూడండి, పాసయితే అమ్మ పోతుంది, తప్పితే సలోమి.

నమోదు 5

చక్రం వాళ్ళలో జ్వరం మొదలైంది. ఇద్దరు పడ్డారు. మిగిలినవాళ్ళు రెండు వంతులు తొక్కుతున్నారు. యోబు కాళ్ళకు నూనె రాయించుకోవడానికి వస్తే చూశాను, పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి.

సలోమి సాయంత్రం వచ్చి నా పక్కన చతికిలపడింది. కాళ్ళు వాచాయి, నొక్కితే గుంట పడుతోంది. రక్తపోటు చూశాను, పరవాలేదు. ఉప్పు తగ్గించమన్నాను.

"ఈడ ఉన్నదే ఉప్పు వదినా, కూర యాడుంది తగ్గించడానికి?" అంది. మా సలోమి నోటికి జ్వరం వచ్చినా సెలవు ఉండదు. తరువాత గొంతు తగ్గించి అడిగింది. "పాసవుతావు గదా?"

"అవుతానే."

"రెండుసార్లు అట్నే చెప్పినావు."

"ఈసారి అత్తగారి సంగతి చూస్తా."

"నాకు ఇద్దరు అత్తలు, ఒకటి అసలుది, ఒకటి తెరది. ఇద్దరిలో ఎవరు నన్ను చంపుతారో," అని నవ్వింది. నవ్వుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదల్లేదు. అది భయపడుతోంది. నేనూ భయపడుతున్నాను. చక్రం చప్పుడు మధ్యమధ్యలో నీరసపడుతోంది, ఇద్దరం విననట్టు నటించాం.

నమోదు 6

ఈ రోజు అత్తగారు వద్దని దీనమ్మ సిస్టరు తానే ప్రశ్నలు వేసింది. సిరంజీలు ఉడుకుతున్నాయి. ఆవిరికి గది ఇంకా ఉక్కగా ఉంది. పది ప్రశ్నలు వేసింది. పదీ కష్టమైనవే, నేను తొమ్మిది చెప్పాను. పదకొండోది వేసే ముందు స్టవ్వు ఆపింది.

"ఇద్దరే రోగులు. ఒకాయనకి భుజం గూడు తప్పింది. నొప్పి, కేకలు. వేళ్ళకి స్పర్శ ఉంది, నాడి ఉంది. ఒకావిడకి కాన్పయి గంటయింది. గుడ్డలు తడిసినయ్. పొట్ట మీద చెయ్యి పెడితే మెత్తగా తగలతంది. దాహమంటంది, నిద్దరొస్తందంటంది. కేకల్లేవు. ఎవరిని ముందు చూస్తావు?"

"ఇది ప్రశ్న కాదు సిస్టరమ్మా," అన్నాను.

"ప్రశ్నే. చెప్పు."

"ఏ ఊళ్ళో?"

"అమ్మే, నెత్తురుకి ఏ ఊరైనా ఒకటే," అంది.

నేను లేచి వెళ్ళిపోబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆ రోజు నాకు జవాబు తెలుసే. పరీక్షలో రాసిందాన్నే గదా. కానీ చక్రం ఆగింది. అందరూ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తన్నారు. రూలు, రూలు అంటన్నారు. నాకు భయమేసింది. మీ అమ్మ నా వైపు చూసి, పోండి సిస్టరమ్మా అంది. ఆ మాట పట్టుకుని పోయినాను. ఇన్నేళ్ళూ ఆ మాట పట్టుకునే బతికినాను. నువ్వు ఆ ప్రశ్న దగ్గర వేలు ఆపినప్పుడల్లా నువ్వు నన్ను కాపాడతన్నావని నాకు తెలుసు. నన్ను కాపాడమాక. సలోమి కడుపుతో ఉంది."

నేను ఏడ్చాను. ఆవిడ మీద కోపంతో ఏడ్చాను, ఆవిడ కోసం కూడా ఏడ్చాను, ఏది ఎంతో తెలియలేదు. చివరికి ముక్కు చీదుకుని, "బాలింత" అన్నాను. నోటితో అనడం ఇదే మొదటిసారి.

"మొదట ఏం చేస్తావు? డాక్టరుని పిలుస్తావా, సూది తెస్తావా?"

"చెయ్యి తియ్యను. పొట్ట మీద గర్భసంచి గట్టిపడేదాకా మర్దన చేస్తాను. రెండో మనిషి చేత సూది తెప్పిస్తాను."

"రెండో మనిషి లేకపోతే?"

"ఉంటారు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆవిడ మళ్ళీ స్టవ్వు వెలిగించింది.

నమోదు 7

పరీక్ష అయింది. ఇక రాయనక్కర్లేదు, అలవాటుపడి రాస్తున్నాను. పుట్టినరోజుకు రెండు రోజుల ముందు కూర్చున్నాను, ఇంతకు మించి ఆలస్యం చేసే వీలు లేదు.

ప్రశ్నలు కష్టంగా మొదలై ఇంకా కష్టమవుతూ పోయాయి. డ్రైవర్లు, పంపు మేస్త్రీలు, వంతెన కాపలాదారులు కేకలు పెడుతూ వరసగా వచ్చారు. ఆగండయ్యా, మీకు ఊపిరి ఉంది అని మనసులో చెప్పుకుంటూ దాటిపోయాను. మెత్తబడిన పిల్లవాణ్ణి నొక్కాను. ఉన్నట్టుండి దగ్గు ఆగిపోయిన ఉబ్బసం మనిషిని నొక్కాను. మెడ కింద చెమట కాలువ కట్టింది.

అప్పుడు వచ్చింది బాలింత. అత్తగారు ఎక్కడినుంచి తెచ్చిందో, దాహం అంటోంది, నిద్ర వస్తోందంటోంది. పక్కన విరిగిన చెయ్యి, కాలిన వీపు, ఛాతీలో మంట. నా వేలు ఆగింది. అమ్మ మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు, ఆ రోజు ఆవిడ కప్పుకున్న గళ్ళ దుప్పటి గుర్తుంది. నిన్ను ముందు చూడాల్సిందే అమ్మా అని పైకే అన్నాను. నొక్కాను.

తెర ఆరిపోయింది.

పాసో, తప్పో తెలియదు. చీకటి తెరలో నా మొహమే నాకు కనిపించింది, బాగా లేదు. కాసేపటికి యంత్రం పక్కన గూడు తెరుచుకుని "కుడిచెయ్యి పెట్టండి" అంది. సూది దిగింది. బిళ్ళ ఎక్కింది. అభినందనలు కూడా చెప్పలేదు, అత్తగారు కదా.

నాయన బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టాడు. "ఏమేం అడిగింది అమ్మాయ్?" అన్నాడు మెరిసే కళ్ళతో. "ఏవేవో అడిగింది నాయనా," అన్నాను. బెల్లం మింగడానికి చాలాసేపు పట్టింది.

నమోదు 8

దీనమ్మ సిస్టరు బిళ్ళ ఆగిపోయి వారమైంది. నిన్న మధ్యాహ్నం గంజి వేళకు సలోమికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది, తల్లి నోరే. మాయ కూడా పూర్తిగా వచ్చింది. నేనూ దీనమ్మ సిస్టరూ హమ్మయ్య అనుకున్నాం.

ఆవిడ పిల్లను తుడుస్తుండగా చక్రం ఆగింది.

ఆ నిశ్శబ్దం గురించి రాయడం నాకు చేతకాదు. పుట్టినప్పటినుంచి వింటున్న చప్పుడు లేకపోతే చెవులు మన తలవి కానట్టు ఉంటాయి. కారిడార్లో జనం పరుగులు. వాళ్ళను తోసుకుంటూ నాయన వచ్చాడు, కుడి అరచెయ్యి చక్రం పళ్ళ మధ్య పడి చీలింది, గుడ్డ చుట్టుకున్నాడు. నెత్తురు గుడ్డ దాటలేదు. వేళ్ళు కదులుతున్నాయి.

"అమ్మాయ్, గబగబా సూదేసి కుట్టెయ్! తాడు పట్టేవాడు ఇంకొకడు లేక తొక్కేవాళ్ళు కాళ్ళు పక్కకి తీసేసినారు. బేగి కానీ!" అని కేక పెట్టాడు. గుమ్మం నిండా మొహాలు. అందరూ బల్ల ఖాళీ చేయించడానికి సలోమి వైపు చూస్తున్నారు.

అప్పుడే సలోమి అంది, చాలా మెల్లగా, "వదినా, నిద్దరొస్తంది."

దుప్పటి ఎత్తాను. కింద గుడ్డలన్నీ తడిసి, బల్ల అంచు నుంచి కారుతోంది. పొట్ట మీద చెయ్యి వేశాను. ముద్దలా మెత్తగా తగిలింది. రెండు చేతులూ వేసి మర్దన మొదలుపెట్టాను.

"అమ్మాయ్! నీకే చెప్పేది!"

"కూర్చో నాయనా," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "చక్రం ఆగిందే! అది ఆగితే దీనికి మాత్రం ఊపిరి యాడినించి వస్తది? నా కోడలు కాదా అది? నాకు బాధ లేదా? రూలు ఎవరి కోసం?" ఆయన మాటలో తప్పేం లేదు. అదే నాకు భయం. అప్పటికే తల దిమ్ముగా ఉంది, గదిలో అందరం కలిసి పీల్చేది ఉన్న గాలినే. నేను తప్పయితే ఈ గుమ్మంలో ఉన్న అందరూ నా వల్ల పోతారు.

"దీనమ్మా, నువ్వన్నా చెప్పు దానికి!" అన్నాడు నాయన.

అందరూ దీనమ్మ సిస్టరు వైపు తిరిగారు. నేనూ చూశాను. ఆవిడ మొహం తెల్లబోయి ఉంది, అడుగు నాయన వైపే పడబోయింది. అలవాటు అంటే అదే మరి.

"సిస్టరమ్మా," అన్నాను, చేతులు ఆపకుండా. "మీకు బీరువా తెరుచుకోదు. ఇక్కడ మీతో పని లేదు. చక్రం దగ్గరికి పోండి. దారిలో కనపడినవాళ్ళందరినీ తీసుకుపోండి."

"ఆడోళ్ళా? చక్రం గదిలోకా?" అన్నారెవరో.

దీనమ్మ సిస్టరు పిల్లను తెచ్చి నాయన ఎడమచేతిలో పెట్టింది. ఆయన కాదనలేక పట్టుకున్నాడు, పట్టుకున్నాక కూర్చోక తప్పలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని బయటికి వెళ్ళింది. గంజి గది వైపు "లేవండమ్మే, గరిటెలు పడెయ్యండి!" అన్న కేక వినిపించింది.

సలోమి కళ్ళు మూతలు పడుతున్నాయి. పేరు పెట్టి పిలుస్తూ, తిడుతూ, ఒక చేత్తో పొట్ట నొక్కుతూనే రెండో చెయ్యి నా చీరకు తుడిచి వెనక్కి చాచి బీరువాకు ఆనించాను. తెరుచుకుంది. సూది మందు తీసి పళ్ళతో మూత పీకి తొడకు వేశాను. మళ్ళీ రెండు చేతులూ పొట్ట మీదికి. గది బరువెక్కింది. దీపం చుట్టూ గాలి కదలడం లేదు. నాయన కేకలు ఆగిపోయాయి, పిల్ల మొహం దగ్గర చేత్తో విసురుతున్నాడు, ఆ చీలిన చేత్తోనే.

గుడుం.

తరువాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ గుడుం, వెంటనే ఇంకో గుడుం, మళ్ళీ ఖాళీ. లయ లేదు, పాడు లేదు. తాగినవాడి నడకలా ఉంది. కానీ తిరుగుతోంది.

నాయన లేచి నిలబడ్డాడు. "ఎవరది? ఎవరు తొక్కతన్నారు? తాడెవరు పట్టుకున్నారు?" పైన గాలి వచ్చే గూటికి కట్టిన నూలుపోగు కొంచెం వణికి, పడిపోయి, మళ్ళీ లేచింది. నా చేతి కింద గర్భసంచి బిగిసింది, బత్తాయంత గుండ్రంగా, గట్టిగా. నెత్తురు తగ్గింది. సలోమి కళ్ళు తెరిచి "అంత గట్టిగా నొక్కుతావేంది, నొప్పి," అని తిట్టింది. అంత తీయని తిట్టు నేను వినలేదు.

దీనమ్మ సిస్టరు తిరిగి వచ్చేసరికి జుట్టు ముడి ఊడి, అరచేతులు తాడుకు ఒరుసుకుపోయి ఉన్నాయి. సలోమి నాడి చూసింది. పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. తరువాత గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"గంజొండే వాళ్ళు, బడి పంతులమ్మ, యోబు," అంది. "తాడు నేను పట్టినా. ఇప్పుడు పంతులమ్మకి ఇచ్చొచ్చినా. ఏం లేదే దాంట్లో. లాగడం, వదలడం. అంతే." ఒరుసుకుపోయిన అరచేతులు చూసుకుంది. "ఆ రోజు కూడా గంజి గది ఆడోళ్ళు ఉన్నారమ్మే. ఖాళీగానే ఉన్నారు. గుమ్మంలో నిలబడి చూసింది వాళ్ళే."

ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. అంత తేలికా అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. ఇన్నేళ్ళు అమ్మను గొప్పగా చెప్పుకున్న పిల్ల అనుకుంటా. ఆవిడ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. అంతకన్నా ఏం చేయగలను?

సలోమి నాడి కుదుటపడ్డాక నాయన వంతు వచ్చింది. పిల్లను దించనంటే ఆయన ఒళ్ళోనే ఉంచి, కుడిచెయ్యి బల్ల మీద చాపించి కడిగాను. నొప్పి సూది వేస్తానంటే వద్దన్నాడు. నేను వేశాను. మొదటి కుట్టు, రెండో కుట్టు వేస్తున్నంతసేపూ ఆయన చెవి గోడ వైపే ఉంది. కుంటుతున్న చక్రాన్ని వింటున్నాడు. ఎక్కడ తడిక ఆలస్యమైందో అక్కడల్లా ఆయన ఎడమచెయ్యి దానంతట అది కదులుతోంది, పిల్లను ఊపుతున్నట్టు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా.

"చెప్పు నాయనా."

"మీ అమ్మ ఆ రోజు అరవలేదు. నేనే అరిచినా."

దారం లాగి ముడి వేశాను. మిగిలిన కుట్లు పూర్తిచేశాను. చక్రం ఇంకా కుంటుతూనే ఉంది, గాలి మాత్రం వస్తోంది.